కాటా గదిలో ఒక తీగ, రెండు దారులు: యూఎస్‌బీ సీరియల్ పరికరం వర్చువల్ మెషీన్‌కు ఎలా చేరుతుంది?

సంక్షిప్తంగా

యూఎస్‌బీ సీరియల్ తీగ కంటికి ఒకటిగా కనబడినా కంప్యూటర్‌కు రెండు వస్తువులు. ముందు అది యూఎస్‌బీ పరికరం, ఆ తర్వాత పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరు పనిచేస్తేనే కామ్ పోర్టు, అంటే ప్రోగ్రాములు సమాచారం చదివే సీరియల్ ద్వారం. అందువల్ల కంప్యూటర్ (హోస్టు) లోపల నడిచే మరో కంప్యూటర్ (గెస్టు) అయిన వర్చువల్ మెషీన్‌కు దానిని రెండు విధాలుగా ఇవ్వవచ్చు. పరికరాన్ని మొత్తంగా గెస్టుకు అప్పగించడం ఒకటి, పరికరాన్ని హోస్టులోనే ఉంచి పోర్టును మాత్రమే అందించడం మరొకటి. రోజంతా బరువు పంపుతూ ఉండే లారీ కాటాలకు రెండో దారి నిలకడగా ఉంటుంది. మాటిమాటికీ రూపు మార్చుకునే మైక్రోకంట్రోలర్ బోర్డులకూ, కొత్త విండోస్ నిరాకరించే పాత చిప్పులకూ మొదటి దారి తప్పదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఎదురవుతున్న చిక్కుల్లో చాలావరకు ఈ రెండింటినీ కలగలపడం వల్ల వస్తున్నవే.

పాత కాటా, కొత్త కంప్యూటర్

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం పరిసరాల్లో పత్తి జిన్నింగు మిల్లు, బియ్యం మిల్లు, జీడి పరిశ్రమ లేదా కలప డిపో ఉన్నచోట దగ్గరలో ఒక లారీ కాటా కూడా ఉంటుంది. కాటా గదిలో మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ సాగుతాయి, తెర మీద మెనూలు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి, బరువు చీటీ డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరు మీద పడుతుంది. బరువు చూపే ఇండికేటరు నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ ఆర్‌ఎస్-232 అనే పాత సీరియల్ ప్రమాణానికి చెందిన తీగ. 1960లో అమెరికాలో మొదలై 1969లో ‘సీ’ రూపంలో స్థిరపడిన ఆ ప్రమాణమే ఇప్పటికీ ఇండికేటర్ల వెనుక తొమ్మిది పిన్నుల సాకెట్టుగా కనబడుతోంది.

కొత్త కంప్యూటర్లలో ఆ సాకెట్టు దాదాపు లేకుండా పోయింది. ఇండికేటరును మార్చడం అంత తేలిక కాదు. ఖర్చు ఒక కారణం, తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర మరో కారణం. తూచే యంత్రంలో భాగాన్ని మార్చితే తిరిగి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. కాబట్టి ఇండికేటరు అలాగే ఉంటుంది, మధ్యలో యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న తీగ వచ్చి చేరుతుంది.

రెండో మార్పు సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఈ చివరి గడువు దగ్గరపడినప్పటి నుంచి చాలాచోట్ల పాత యంత్రం స్థానంలో విండోస్ 11 కంప్యూటర్ వచ్చింది. కాటా సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్స్‌పీ కాలం నాటిది. దానిని రాసినవారు అందుబాటులో ఉండరు, ఏళ్ల తరబడి లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. దీనికి కంప్యూటర్ మెకానిక్కులు ఎంచుకుంటున్న పరిష్కారం వర్చువల్ మెషీన్, అంటే కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్. బయటి అసలు సిస్టమ్‌ను హోస్టు అనీ లోపలి దానిని గెస్టు అనీ అంటారు. గెస్టులో ఎక్స్‌పీ తెరుచుకుంటుంది, కాటా సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకుంటుంది. బరువు మాత్రం రాదు. అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

తీగ మధ్యలో ఏం జరుగుతుంది?

యూఎస్‌బీ తీగ తలలో ఒక చిప్పు ఉంటుంది. ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ232, ప్రొలిఫిక్ వారి పీఎల్2303, డబ్ల్యూసీహెచ్ వారి సీహెచ్340, సిలికాన్ ల్యాబ్స్ వారి సీపీ2102 మార్కెట్లో ఎక్కువగా దొరికేవి. ఇండికేటరు నుంచి ఒక్కొక్క బిట్‌గా వచ్చే సమాచారాన్ని ఈ చిప్పు యూఎస్‌బీ పొట్లాలుగా కట్టి పంపుతుంది. నౌపడా–గుణుపురం లైను చిన్న గేజిగా ఉన్న రోజుల్లో నౌపడా దగ్గర ప్రయాణికులు ఒక బండి దిగి మరో బండి ఎక్కవలసి వచ్చేది. చిప్పు చేసే పని అటువంటిదే. సమాచారం మారదు, దానిని మోసే బండి మారుతుంది.

తీగను గుచ్చగానే హోస్టు ముందుగా ‘నువ్వు ఎవరు?’ అని అడుగుతుంది. చిప్పు తన తయారీదారు సంఖ్యనూ, ఉత్పత్తి సంఖ్యనూ చెబుతుంది. ఎఫ్‌టీ232 అయితే అవి 0403, 6001. కొన్ని చిప్పులు వీటితో పాటు తమ ప్రత్యేక క్రమసంఖ్యను కూడా చెబుతాయి. సంఖ్యలను బట్టి తగిన డ్రైవరు ముందుకు వస్తే అప్పుడు, అప్పుడు మాత్రమే, విండోస్‌లో కామ్3 లేదా కామ్5 అనే పోర్టూ, లినక్స్‌లో టీటీవై యూఎస్‌బీ 0 అనే ఫైలూ పుడతాయి. కాటా సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది ఈ పోర్టు ఒక్కటే, దాని వెనుక యూఎస్‌బీ ఉందన్న సంగతి దానికి తెలియదు.

వర్చువల్ మెషీన్ విషయంలో తేల్చుకోవలసింది ఆ డ్రైవరు ఎక్కడ ఉండాలనే. డ్రైవరు గెస్టులో ఉంటే మొత్తం పరికరం గెస్టుకు వెళ్లాలి, హోస్టులో ఉంటే పోర్టు మాత్రమే వెళ్లాలి. రెండుచోట్లా ఒకేసారి ఉండటం కుదరదు. హోస్టులో కామ్5 కనబడుతుండగా గెస్టులో కూడా అదే పరికరం కనబడాలని ఎదురుచూడటమే ఈ వ్యవహారంలో అత్యంత సాధారణమైన పొరపాటు.

మొదటి దారి: పరికరాన్ని మొత్తంగా అప్పగించడం

వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ ఫిల్టరు (ఏ పరికరం గెస్టుకు వెళ్లాలో చెప్పే నియమం) పెట్టడం, వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ‘రిమూవబుల్ డివైసెస్’ నుంచి కనెక్ట్ చేయడం, లినక్స్ కేవీఎంలో ‘యూఎస్‌బీ హోస్ట్ డివైస్’ జోడించడం పేర్లు వేరైనా ఒకే పని. హోస్టు తన డ్రైవరును పక్కకు తప్పించి, పరికరానికి వచ్చే పోయే ప్రతి యూఎస్‌బీ అభ్యర్థననూ గెస్టుకు అందేలా చేస్తుంది. గెస్టు లోపల ఒక ఊహా యూఎస్‌బీ కంట్రోలరు ఉంటుంది, పరికరం దానికి గుచ్చినట్టు గెస్టు భావిస్తుంది. ఈ క్షణంలో హోస్టులో కామ్ పోర్టు మాయమవుతుంది. చాలామంది ఇది చూసి తీగ చెడిపోయిందని అనుకుంటారు. నిజానికి అప్పగింత సరిగా జరిగిందనడానికి అదే గుర్తు.

ఈ దారిలో హోస్టుకు ఆ చిప్పు డ్రైవరు అక్కరలేదు, గెస్టులో మాత్రం తప్పనిసరిగా ఉండాలి. గెస్టు ఎక్స్‌పీ అయితే ఎక్స్‌పీకి పనికివచ్చే పాత డ్రైవరే వెతకాలి. తయారీదారు సైటులో మొదట కనబడే కొత్త డ్రైవరు తరచు ఎక్స్‌పీని వదిలేసి ఉంటుంది.

ఊహా కంట్రోలరు ఎంపిక కూడా ముఖ్యమే. వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ 1.1, 2.0, 3.0 అని మూడు రకాలు ఉంటాయి. పెద్ద సంఖ్య మెరుగైనదన్న నమ్మకంతో 3.0 ఎంచుకుంటే ఎక్స్‌పీ గెస్టులో ఏ పరికరమూ కనబడదు, ఎందుకంటే ఎక్స్‌పీకీ విండోస్ 7కూ ఆ కంట్రోలరు డ్రైవరు స్వతహాగా లేదు. 2.0 ఎంచుకుంటే సరిపోతుంది. సీరియల్ చిప్పుల్లో ఎక్కువభాగం సెకనుకు 12 మెగాబిట్ల తరగతివి కాబట్టి 1.1 కూడా చాలు. వర్చువల్‌బాక్స్ 7.0 విడుదలయ్యేదాకా, అంటే 2022 అక్టోబర్ వరకు, 2.0, 3.0 కంట్రోలర్ల కోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే అదనపు భాగం వేసుకోవలసి వచ్చేది. ఆ తర్వాత అవి మూల ప్యాకేజీలోకి వచ్చాయి. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లేనిదే ఏదీ పనిచేయదని చెప్పే వీడియోలు ఇంకా చలామణిలో ఉండటానికి కారణం అవి పాత సంచికల కాలంలో తీసినవి కావడం.

హోస్టు లినక్స్ అయితే అనుమతుల సంగతి కూడా ఉంది. వర్చువల్‌బాక్స్ వాడేవారి ఖాతా ‘వీబాక్స్‌యూజర్స్’ గుంపులో లేకపోతే పరికరాల జాబితా ఖాళీగా కనబడుతుంది. గుంపులో చేర్చిన తర్వాత ఒకసారి లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ కాకపోతే ఆ మార్పు అమలులోకి రాదు.

ఫిల్టరు పెట్టేటప్పుడు తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య ఇస్తే ఆ రకం పరికరం ఎప్పుడు గుచ్చినా గెస్టుకే వెళ్తుంది. ఇక్కడ చిన్న ఉచ్చు ఒకటి ఉంది. చవకైన సీహెచ్340 తీగల్లో సాధారణంగా ప్రత్యేక క్రమసంఖ్య ఉండదు. లారీ కాటాకు ఒకటి, బస్తాల కాటాకు ఒకటి అదే రకం తీగ వాడితే ఒకే ఫిల్టరు రెండింటినీ పట్టుకుంటుంది, గెస్టుకు ఏది ఏదో తేల్చుకునే ఆధారం ఉండదు. క్రమసంఖ్య లేని తీగను వేరే యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చితే విండోస్ దానిని కొత్త పరికరంగా భావించి కొత్త కామ్ సంఖ్య ఇస్తుంది కూడా. నిన్నటి కామ్4 ఇవాళ కామ్7 అయిందన్న ఫిర్యాదుకు మూలం ఇదే. పాత కాటా సాఫ్ట్‌వేర్ కామ్1 నుంచి కామ్4 వరకు మాత్రమే చూపించే రకం అయితే చిక్కు మరింత ముదురుతుంది. డివైస్ మేనేజరులో పోర్టు సెట్టింగులలోని ‘అడ్వాన్స్‌డ్’ బొత్తం నొక్కి సంఖ్యను చేత్తో మార్చుకోవచ్చు.

చిప్పుల తగవులు

2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవరు నకిలీ చిప్పుల ఉత్పత్తి సంఖ్యను సున్నాగా మార్చివేసింది. ఆ తీగలు తర్వాత ఏ కంప్యూటర్‌లో గుచ్చినా పనిచేయలేదు. విమర్శలు రావడంతో ఆ డ్రైవరును వెనక్కి తీసుకున్నారు. ప్రొలిఫిక్ మరో పద్ధతి అవలంబించింది. కొత్త విండోస్ డ్రైవర్లు పాత పీఎల్2303 హెచ్‌ఎక్స్‌ఏ రకం చిప్పులను గుర్తించి, ఇవి 2012 నుంచి నిలిపివేసినవని డివైస్ మేనేజరులోనే రాసి చూపించి, పనిచేయడానికి నిరాకరిస్తాయి.

వర్చువల్ మెషీన్ ఇక్కడ అనుకోని మేలు చేస్తుంది. నిరాకరణ డ్రైవరులో ఉంది తప్ప తీగలో లేదు. విండోస్ 11 హోస్టు తోసిపుచ్చిన తీగను మొత్తంగా ఎక్స్‌పీ గెస్టుకు అప్పగిస్తే, అక్కడి పాత డ్రైవరుకు ఈ నిషేధం తెలియదు కాబట్టి తీగ మామూలుగా పనిచేస్తుంది. చెడిపోయిందనుకుని డబ్బాలో పడేసిన తీగ ఇలా తిరిగి వాడకంలోకి రావచ్చు.

లినక్స్ హోస్టుల్లో మరో వింత ఉంది. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 22.04లో చూపులేనివారి బ్రెయిలీ పరికరాలకు తోడ్పడే ‘బీఆర్‌ఎల్‌టీటీవై’ అనే సేవ సీహెచ్340 చిప్పును బ్రెయిలీ పరికరంగా పొరబడి పట్టుకుంటుంది. రెండింటి గుర్తింపు సంఖ్యలు ఒకటే కావడం దీనికి కారణం. పోర్టు ఒక క్షణం కనబడి పోతే అనుమానించవలసింది దీనినే. బ్రెయిలీ పరికరం వాడనిచోట ఆ ప్యాకేజీని తీసివేస్తే పోర్టు నిలుస్తుంది.

రెండో దారి: పోర్టును మాత్రమే అందించడం

వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ తన గెస్టుకు ఒక ఊహా సీరియల్ పోర్టును కూడా చూపించగలదు. పాతకాలపు కంప్యూటర్ వెనుక ఉండే 16550ఏ రకం చిప్పును అచ్చంగా అనుకరించే పోర్టు ఇది. దీనికి ఎక్స్‌పీలో డ్రైవరు ముందే ఉంటుంది, గెస్టులో కొత్తగా ఏమీ వేయనక్కరలేదు. వర్చువల్‌బాక్స్‌లో మెషీన్ సెట్టింగుల్లో ‘సీరియల్ పోర్ట్స్’ కింద పోర్టు 1ని చేతనం చేసి, ‘హోస్ట్ డివైస్’ ఎంచుకుని, హోస్టులోని పోర్టు పేరు రాస్తే సరిపోతుంది. గెస్టులోని సాఫ్ట్‌వేర్ వేగాన్ని 2400 అనో 9600 అనో, పారిటీని (తప్పు పట్టుకోవడానికి చేర్చే అదనపు బిట్‌ను) ఈవెన్ అనో నన్ అనో నిర్ణయించినప్పుడు ఆ నిర్ణయాన్ని హోస్టు పోర్టుకు అందించే పని వర్చువల్ మెషీన్ చూసుకుంటుంది.

కాటా గదికి ఈ దారి ఎక్కువగా నప్పడానికి కారణం స్థిరత్వం. గెస్టుకు ఎప్పుడూ కనబడేది కామ్1 మాత్రమే. రేపు సీహెచ్340 తీగ పోయి ఎఫ్‌టీ232 తీగ వచ్చినా హోస్టు సెట్టింగులో ఒక పేరు మారుతుంది. పదిహేనేళ్ల నాటి కాటా సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ వేలు పెట్టనక్కరలేదు. ఆ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేని సందర్భాలు తక్కువేమీ కావు కాబట్టి ఇది చిన్న లాభం కాదు.

నష్టాలూ ఉన్నాయి. హోస్టు పోర్టు లేకపోతే, అంటే తీగ ఊడి ఉంటే, వర్చువల్‌బాక్స్ గెస్టు అసలు మొదలు కాకుండా లోపం చూపవచ్చు. హోస్టులో పోర్టు సంఖ్య 9 దాటితే పేరు ముందు రెండు వెనుక గీతలు, ఒక చుక్క, మరో వెనుక గీత చేర్చి రాయాలి. హోస్టు లినక్స్ అయితే ఖాతా ‘డయల్‌అవుట్’ గుంపులో ఉండాలి. విండోస్ హోస్టులో ఒక కామ్ పోర్టును ఒకే ప్రోగ్రాము తెరవగలదు. పుట్టీ వంటి ప్రోగ్రాములో బరువు వస్తోందో లేదో చూసి, దానిని మూయకుండా వర్చువల్ మెషీన్ మొదలుపెడితే పోర్టు దొరకదు. లినక్స్‌లో తీరు వేరు. రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టును తెరవగలవు, వచ్చిన అక్షరాలను చెరికాస్త పంచుకుంటాయి. బరువులో సగం అంకెలు మాయమైతే ముందుగా వెతకవలసింది ఆ రెండో ప్రోగ్రామును.

పోర్టును నేరుగా కాక పైపు (రెండు ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపే సాఫ్ట్‌వేర్ దారి) ద్వారానో, నెట్‌వర్క్ ద్వారానో ఇచ్చే ఏర్పాటు కూడా ఈ దారిలో భాగమే. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాడేవారికి మిగిలేది ఇదే. హైపర్-వీ గెస్టుకు యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా అప్పగించే ఏర్పాటు లేదు, గెస్టు కామ్ పోర్టు హోస్టులోని నేమ్డ్ పైపుకు మాత్రమే కలుస్తుంది. విండోస్ 11 ప్రోలో హైపర్-వీ ఉచితంగా వస్తుంది కాబట్టి దానిని ఎంచుకుని, ఆ తర్వాత కాటా కలపలేక వెనక్కి వెళ్లడం జరుగుతుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కామ్ పోర్టును గెస్టులోకి మళ్లించవచ్చు గాని, ఆ కనెక్షను తెరిచి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. కాటా పనికే మెషీన్ పెట్టేటట్టయితే హైపర్-వీని మొదటే పక్కన పెట్టడం మంచిది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 2024 నవంబరు నుంచి వ్యాపార వాడకానికి కూడా ఉచితం అయింది, వర్చువల్‌బాక్స్ మూల ప్యాకేజీ మొదటి నుంచీ ఉచితమే.

నెట్‌వర్క్ ద్వారా పంపేటప్పుడు ఒక తేడా గమనించాలి. మామూలు టీసీపీ కనెక్షనులో అక్షరాలు మాత్రమే వెళ్తాయి, వేగం, పారిటీ, డీటీఆర్, ఆర్‌టీఎస్ వంటి సంకేత తీగల స్థితి వెళ్లవు. వాటిని కూడా మోయడానికి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే పద్ధతిని ప్రకటించారు. ఒకే దిశలో బరువు పంపే కాటాకు మొదటిది చాలు, సంకేత తీగల మీద ఆధారపడే పరికరానికి రెండోది కావాలి.

అడ్డం వేగం కాదు, ఆలస్యం

వర్చువల్ మెషీన్ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి బరువు సరిగా రాదన్న మాట తరచు వినబడుతుంది. లెక్క దీనికి ఒప్పుకోదు. 9600 బాడ్ అంటే, ఒక్కో అక్షరానికి 10 బిట్ల చొప్పున, సెకనుకు 960 అక్షరాలు. 12 మెగాబిట్ల యూఎస్‌బీకి అది లెక్కలోకి రాదు. చిక్కు వచ్చేది పొట్లాలు కట్టే తీరులో.

ఎఫ్‌టీ232 చిప్పు వచ్చిన ప్రతి అక్షరాన్నీ వెంటనే పంపదు. 62 అక్షరాలు పోగయ్యేవరకో, 16 మిల్లీసెకన్లు గడిచేవరకో ఆగుతుంది. బండి నిండితే కదిలినట్టు, నిండకపోయినా వేళ అయితే కదిలినట్టు. ఈ 16 అన్నది డ్రైవరు సెట్టింగుల్లో ‘లేటెన్సీ టైమర్’ అన్న పేరుతో ఉంటుంది, 1 దాకా తగ్గించవచ్చు. మొత్తం పరికరాన్ని గెస్టుకు ఇస్తే ఈ సెట్టింగు గెస్టు డ్రైవరులో మార్చాలి, పోర్టును మాత్రమే ఇస్తే హోస్టు డ్రైవరులో మార్చాలి. హోస్టులో మార్చి, గెస్టులో ఫలితం కోసం చూడటం మరో వృథా ప్రయాస.

కాటాకు ఈ ఆలస్యంతో పని లేదు. బరువు స్థిరపడటానికే లారీ కొన్ని సెకన్లు కదలకుండా నిలబడుతుంది. మిల్లుల్లో డ్రయ్యరు ఉష్ణోగ్రతను, మోటారు డ్రైవులను, విద్యుత్ మీటర్లను చదివే మోడ్‌బస్ ఆర్‌టీయూ పద్ధతికి మాత్రం పని ఉంది. అందులో ఒక సందేశం ముగిసిందని తెలిసేది నిశ్శబ్దం ద్వారా. మూడున్నర అక్షరాలంత కాలం తీగ మౌనంగా ఉంటే సందేశం పూర్తయినట్టు లెక్క. 9600 బాడ్ దగ్గర, 11 బిట్ల అక్షరానికి, ఆ కాలం దాదాపు 4 మిల్లీసెకన్లు. చిప్పు 16 మిల్లీసెకన్లు ఆపి పంపితే, సందేశం పొడవును లెక్కపెట్టకుండా నిశ్శబ్దం మీదే ఆధారపడే సాఫ్ట్‌వేర్ ఒక సందేశాన్ని రెండు ముక్కలుగా చదివి లోపం చూపుతుంది. దాని మీద గెస్టు తన వంతు వచ్చేదాకా ప్రాసెసరు కోసం ఆగే సమయం కూడా తోడవుతుంది. ఇటువంటి పనికి లేటెన్సీ తగ్గించడంతో పాటు సాఫ్ట్‌వేర్‌లో ఎదురుచూసే గడువును పెంచడం మేలు.

బోర్డు మాటిమాటికీ మారితే

గుణుపురంలోనూ, పర్లాకిమిడిలోనూ, బరంపురంలోనూ ఇంజినీరింగు కళాశాలలు ఉన్నాయి. సరిహద్దుకు ఇవతలి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థులు లినక్స్ పాఠాల కోసం విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు గెస్టును పెట్టుకుని, దానికి ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు కలపాలనుకోవడం సహజం. వీరికి కాటా గది సూత్రం తిరగబడుతుంది, మొదటి దారే నప్పుతుంది.

కారణం ఇది. ఆర్డుయినో లియొనార్డో వంటి బోర్డుకు కొత్త ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు అది ఒకసారి తనంతట తాను ఊడిపోయి, కొత్త ప్రోగ్రామును అందుకునే బూట్‌లోడరు రూపంలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. తయారీదారు సంఖ్య 2341 మారదు, ఉత్పత్తి సంఖ్య మాత్రం 8036 నుంచి 0036కు మారుతుంది. ఫిల్టరులో 8036 మాత్రమే రాసి ఉంటే బోర్డు సగం పనిలో హోస్టుకు వెళ్లిపోతుంది, గెస్టులో అప్‌లోడ్ ఆగిపోతుంది. ఉత్పత్తి సంఖ్య గడిని ఖాళీగా వదిలేస్తే, లేదా రెండు ఫిల్టర్లు పెడితే, రెండు రూపాలూ గెస్టుకే చేరతాయి. ఆర్డుయినో ఊనోకు ఈ బాధ లేదు. దానిలో యూఎస్‌బీ చూసుకునే చిప్పు వేరుగా ఉంటుంది కాబట్టి అసలు ప్రాసెసరు రీసెట్ అయినా యూఎస్‌బీ గుర్తింపు చెదరదు. అయితే రీసెట్ చేయడానికి డీటీఆర్ సంకేతం కావాలి, అది పైపు దారిలో రాదు.

విండోస్ లోపలి లినక్స్ అయిన డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవారికి యూఎస్‌బీ ఐపీ అనే పద్ధతి ఉంది. విండోస్ వైపు ‘యూఎస్‌బీఐపీడీ-విన్’ అనే ప్రోగ్రాము పరికరాన్ని నెట్‌వర్క్ మీదుగా లినక్స్‌కు అందిస్తుంది. ఇదీ మొదటి దారి కిందికే వస్తుంది. కంప్యూటర్ మళ్లీ మొదలైన ప్రతిసారీ జోడింపు ఆదేశం తిరిగి ఇవ్వాలన్నది దీనిలోని ఇబ్బంది.

కరెంటు పోయి వచ్చిన తర్వాత

ఒకసారి కుదిరిన అమరిక రేపటికి కూడా కుదురుతుందన్న హామీ సరిహద్దు పల్లెల్లోని కాటా గదుల్లో ఉండదు. కరెంటు పోయి వచ్చాక ఇండికేటరు, హోస్టు, గెస్టు వేర్వేరు సమయాల్లో లేస్తాయి. గెస్టును చేత్తో ఎవరో తెరిచి, పరికరాన్ని చేత్తో కలిపే పద్ధతి ఉన్నచోట, ఆ పని తెలిసినవారు రాకపోతే లారీలు వరుస కడతాయి. మొదటి దారిలో శాశ్వత ఫిల్టరు, రెండో దారిలో సెట్టింగులో రాసిన పోర్టు ఈ అవసరాన్ని తీరుస్తాయి. మెను నుంచి చేసిన తాత్కాలిక జోడింపు తీర్చదు.

గెస్టును పూర్తిగా షట్‌డౌన్ చేయకుండా ‘సేవ్ స్టేట్’లో ఉంచి మర్నాడు తెరవడం మరో అలవాటు. మొత్తంగా అప్పగించిన పరికరం గెస్టు దృష్టిలో రాత్రి ఊడిపోయి పొద్దున మళ్లీ గుచ్చినట్టు అవుతుంది. కాటా సాఫ్ట్‌వేర్ మాత్రం పాత పోర్టును పట్టుకునే ఉంటుంది, తెర మీద నిన్నటి చివరి బరువు కదలకుండా నిలిచిపోవచ్చు. వ్యాపారపరంగా ఇది మామూలు లోపం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే బరువు రాకపోతే అందరికీ తెలుస్తుంది, పాత బరువు కనబడుతుంటే వెంటనే తెలియదు. రోజూ సాఫ్ట్‌వేర్‌ను మూసి గెస్టును షట్‌డౌన్ చేయడం ఇక్కడ తప్పనిసరి.

బియ్యం మిల్లులో పెద్ద మోటారు మొదలైనప్పుడు పుట్టే విద్యుత్ అలజడి వల్ల యూఎస్‌బీ తీగ ఒక క్షణం ఊడినట్టయి తిరిగి కలుస్తుంది. ఫిల్టరు ఉంటే పరికరం తిరిగి గెస్టుకే చేరుతుంది, రెండో దారిలో పోర్టును మళ్లీ తెరవవలసి రావచ్చు. మొదటి దారికి మొగ్గు ఉన్న మరో సందర్భం ఇది. అయినా మూలం వేరే చోట ఉంది కాబట్టి అక్కడే సరిచేయడం మెరుగు. యూఎస్‌బీ భాగాన్ని పొట్టిగా ఉంచి సీరియల్ భాగాన్ని పొడవుగా వాడటం, రెండు వైపులనూ విద్యుత్‌పరంగా వేరుచేసే ఐసోలేటరు పెట్టడం, విండోస్‌లో యూఎస్‌బీ పొదుపు సెట్టింగును ఆపడం వల్ల ఇది చాలావరకు తగ్గుతుంది. తూర్పు కనుమల వర్షాకాలపు పిడుగుల దృష్ట్యా ఐసోలేటరు ధర కంప్యూటర్ ధర ముందు చిన్నదే.

లోపం ఎక్కడుందో తేల్చే క్రమం

పరీక్షను గెస్టు నుంచి కాక ఇండికేటరు నుంచి మొదలుపెట్టాలి. ముందు వర్చువల్ మెషీన్‌ను ఆపి, హోస్టులోనే టెర్మినల్ ప్రోగ్రాముతో పోర్టును తెరిచి చూడాలి. అక్కడ ఏమీ రాకపోతే, హోస్టు డ్రైవరు నిరాకరించే పాత చిప్పు అయితే తప్ప, తప్పు తీగలోనో, ఇండికేటరు సెట్టింగులోనో ఉంది, వర్చువల్ మెషీన్‌ను తిట్టి లాభం లేదు. పిచ్చి అక్షరాలు వస్తుంటే దారి సరిగానే ఉంది, వేగమో పారిటీయో కలవడం లేదు. హోస్టులో బరువు శుభ్రంగా వచ్చి గెస్టులో రాకపోతే అప్పుడే ఈ వ్యాసంలోని రెండు దారుల ప్రశ్న వస్తుంది. గెస్టు డివైస్ మేనేజరులో పసుపు గుర్తు ఉంటే డ్రైవరు లేదు. అసలు పరికరమే లేకపోతే అప్పగింత జరగలేదు. పరికరం ఉండి సాఫ్ట్‌వేర్‌లో బరువు లేకపోతే కామ్ సంఖ్య తేడా.

ఇకముందు

విండోస్ 10 వాడే వ్యక్తులకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఒక ఏడాది పొడిగింపు 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. అప్పటికి పాత యంత్రాల్లో మిగిలినవి కూడా మారవలసి రావడంతో, కాటా సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషీన్‌లోకి తరలించే పని ఇంకా పెరిగే అవకాశం ఉంది. ఎక్స్‌పీ గెస్టుకు భద్రతా సవరణలు లేవు కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా ఉంచడం అవసరం. చీటీల లెక్కను షేర్డ్ ఫోల్డరు ద్వారా హోస్టుకు తెచ్చుకోవచ్చు.

మరోవైపు, సీరియల్ పోర్టును నేరుగా ఈథర్‌నెట్‌కు మార్చే చిన్న పెట్టెలు మార్కెట్లో ఉన్నాయి. ఇండికేటరు పక్కనే అటువంటి పెట్టెను పెడితే యూఎస్‌బీ, దాని చిప్పు, కామ్ సంఖ్య అనే గొలుసు మొత్తం తెగిపోతుంది. వర్చువల్‌బాక్స్ సీరియల్ పోర్టుకు ‘టీసీపీ’ అన్న ఎంపిక ఇప్పటికే ఉంది కాబట్టి గెస్టు ఆ పెట్టెకు నేరుగా కలవగలదు. వేగం, పారిటీలను గెస్టులో కాక పెట్టె సెట్టింగు పేజీలో ఒకసారి ఇండికేటరుకు సరిపోయేలా పెట్టి, పెట్టెకు మారని ఐపీ చిరునామా ఇస్తే, హోస్టు కంప్యూటర్‌ను రేపు మార్చినా గెస్టు ఫైలును కొత్త యంత్రంలోకి నకలు చేసి తెరవడమే మిగులుతుంది.